గీతల్లేని వేలు

పది వేళ్ళలో ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటే పలికింది. మిగతా తొమ్మిదింటికీ వేలిముద్రలు తీసే ఆ గాజుపలక ఎర్రదీపమే చూపించింది. వీసా ఆఫీసు కౌంటరు వెనకున్న అమ్మాయి పలకను తుడిచింది, వేళ్ళను కాగితపు రుమాలుతో తుడిచింది, "గట్టిగా నొక్కండి" అంది, "మరీ అంత గట్టిగా కాదు" అంది. ఎలా నొక్కినా దీపం మాత్రం తన మాట మీదే నిలబడింది.

"ఏం పని చేస్తారండీ మీరు?"

"చెక్క సామాన్లకి పాలిష్ పడతానమ్మా."

"అదీ సంగతి. వేళ్ళు అరిగిపోయాయి" అంది ఆ అమ్మాయి, చెప్పులు అరిగిపోయాయన్నంత తేలిగ్గా.

పాలిషక్క తన వేళ్ళ వంక చూసుకుంది. కార్ఖానాలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో మానేశారు. చిన్నా పెద్దా అందరికీ పాలిషక్కే. పంతొమ్మిదేళ్ళుగా ఉప్పుకాగితం పట్టి చెక్కను రుద్దుతూ వచ్చిన వేళ్ళవి. చెక్క నున్నబడుతున్న కొద్దీ తామూ నున్నబడ్డాయని ఇంతకాలం ఎవరూ వాటికి చెప్పలేదు.

"మరిప్పుడు ఎలాగమ్మా?"

"వాళ్ళకి పది వేళ్ళూ పడాలండీ. పదిహేడో తారీకుకి ఇంకో అపాయింట్‌మెంట్ ఇస్తాను. మీ ఉద్యోగం ఉత్తరం గడువు పద్దెనిమిది వరకే ఉంది కదా, అదే ఆఖరు. ఈ పది రోజులూ చేతులకి పని చెప్పకండి. తడి తగలనివ్వద్దు. నూనె రాయండి. కొత్త చర్మం వస్తే గీతలూ వస్తాయి."

"రాకపోతే?"

"అప్లికేషన్ వెనక్కి పంపేస్తాం" అని ఆ అమ్మాయి తర్వాతి టోకెన్ నంబరు నొక్కింది.

ఆ ఉత్తరం యూరప్‌లో ఒక చిన్న దేశం నుంచి వచ్చింది. వందలేళ్ళనాటి బల్లలూ బీరువాలూ బాగుచేసే కార్ఖానా వాళ్ళది. పని ఇచ్చే ముందు దాని యజమానురాలైన ముసలావిడ ఫోన్లో బొమ్మ కనపడేలా మాట్లాడింది. ఐదు చెక్కముక్కలు వరసగా పెట్టించి, కళ్ళు మూసుకుని ఏది ఎంత నునుపో చెప్పమంది. పాలిషక్క ఐదూ చెప్పి, మూడో దాని అంచున గోటితో గీసిన గీత ఉందని కూడా చెప్పింది. ముసలావిడ చప్పట్లు కొట్టింది. వారం తిరక్కుండా రెండేళ్ళ ఉద్యోగానికి ఉత్తరం వచ్చింది. అందులో ఆమెను 'నిపుణురాలు' అని రాశారు. ఆ మాట చదివించుకున్నప్పటి నుంచి ఆమె కాళ్ళు నేల మీద సగమే ఆనుతున్నాయి. జీతం ఎక్కువే, కాదనలేదు. కానీ ఆమెకు నిద్రలో వినపడుతున్నది మాత్రం ఆ ఒక్క మాటే.

లేచి వచ్చేస్తూ, తనకు తెలియకుండానే కౌంటరు అంచు మీద వేలు రాసింది. ఒక్క పూతే వేసి చేతులు దులుపుకున్నారు, దొంగలు అనుకుంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"పది రోజులు చేతులు ముడుచుకుని కూర్చోమన్నారా? ఎవరే ఆ మహాతల్లి? కాపురానికొచ్చి నలభై అయిదేళ్ళయింది, నాకు అలా చెప్పే ఆఫీసు ఒక్కటీ దొరకలేదు."

వేళాకోళం చేసింది గానీ, ఆ సాయంత్రమే పాత దిండుగలీబు చింపి, చేతికి తొడుక్కునే సంచుల్లాంటివి రెండు కుట్టింది. కుడిచేతి దానికి బొటనవేలు మరీ పెద్దదైపోయింది. "నీ వేలు అంతుంటుందిలే" అని దబాయించింది. కార్ఖానా మేస్త్రి సెలవిచ్చాడు. ఇచ్చేటప్పుడు మొహం వేలాడేశాడు గానీ, ఇచ్చాడు. భర్త బస్సు డ్రైవరు. తెల్లవారుజాము డ్యూటీ వేయించుకుని, పగలు వచ్చి గిన్నెలు తోమే పని మీద వేసుకున్నాడు. తోమేటప్పుడు కూడా పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని అటోసారి ఇటోసారి తిప్పేవాడు.

"దాన్ని తోముతున్నావా, మలుపు తిప్పుతున్నావా?" అనేది తల్లి.

మొదటి రెండు రోజులు పాలిషక్కకు నరకమే. చేతులు ఒళ్ళో ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. ఒకదాని మీద ఒకటి పెడితే పైది బరువనిపించింది. పక్కపక్కన పెడితే ఎవరో మరిచిపోయి వెళ్ళిన సామానులా అనిపించింది. కార్ఖానాలో పూత ఆరేదాకా కూడా ఆమె కూర్చునేది కాదు, ఇది ఆరేలోపు ఇంకోటి అందుకునేది. ఇప్పుడు తలుపు సందున దుమ్ము కనపడితే చెయ్యి దానంతటదే లేచేది. "కూర్చో!" అని వంటింట్లోంచి అత్తగారు కేకేసేది. ఆవిడ వీపుకి కూడా కళ్ళున్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం ఒక వింత జరిగింది. పై కిటికీలోంచి ఎండ లోపలికొచ్చింది. జానెడు పలకంత వెలుగు గోడ మీద వాలి, గడియారాన్ని తాకి, క్యాలెండరు అంచుదాకా పాకి, అక్కడ కాసేపు ఆగింది. పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్న ఇల్లే. కానీ ఆ ఇంట్లో మధ్యాహ్నం రెండు గంటల వేళ ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. ఆదివారాలు చూసే ఉండాలి, కానీ అప్పుడు కళ్ళు బట్టల మీదో బకెట్ మీదో ఉండేవి. వెలుగులో దుమ్ము రేణువులు పైకి లేచి తీరిగ్గా తిరుగుతున్నాయి. దూరంగా ఎవరో తలుపు వేశారు. వీధిలో ఒక సైకిలు గంట మోగించుకుంటూ వెళ్ళింది. ఆ చప్పుడు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు గదిలోనే ఉన్నట్టనిపించింది. ఆమెకు కళ్ళు బరువెక్కాయి. హాయిగా ఉంది. ఇంత హాయి తన ఇంట్లోనే పడి ఉందని తెలిసి కాస్త దిగులు కూడా వేసింది.

ఆ నిద్రలో చూడని దేశానికి వెళ్ళింది. పొడుగాటి గది, పొడుగాటి కిటికీలు. బయట తెల్లగా ఏదో రాలుతోంది, చప్పుడు లేదు. గది నిండా పాత బల్లలు కాళ్ళు పైకి పెట్టుకుని పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కదాని పక్కనా కూర్చుని వీపు నిమురుతుంటే, అవి తమ మీద అన్నం తిన్నవాళ్ళ సంగతీ, ఉత్తరాలు రాసినవాళ్ళ సంగతీ మెల్లగా చెబుతున్నాయి. ఏ భాషో తెలియదు, అర్థం మాత్రం అవుతోంది. మెలకువ వచ్చేసరికి ఎండ తలుపు దాటి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నమూ ఆ వెలుగు కోసం ఎదురు చూడటం మొదలుపెట్టింది.

సాయంత్రాలు అత్తగారు నూనెగిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఒక్కొక్క వేలూ తీసుకుని, మొదలు నుంచి కొసకి రాసేది.

"పెళ్ళయిన కొత్తలో ఇవి మగాడి చేతుల్లా ఉన్నాయన్నది మీరే కదా అత్తయ్యా!"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. ఇటివ్వు ఆ చెయ్యి."

అయిదో రోజుకి వేళ్ళ కొసలు మెత్తబడ్డాయి. ఆరో రోజు ఉదయం అత్తగారు పేపరు చదువుకునే భూతద్దం తెచ్చి, కోడలి చెయ్యి వెలుగులోకి లాగి, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఉందే! గీత ఉంది! ఇదిగో, ఇటొకటి, అటొకటి."

"ఏదీ? ఏదీ?" అంటూ భర్త సబ్బు చేతులతో పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురూ ఆ వేలి మీదకి వంగి, అప్పుడే పుట్టిన పసిబిడ్డను చూసినట్టు చూశారు.

ఆ సంబరంలో అత్తగారు ఇల్లంతా తుడిచే పని పెట్టుకుంది. తాను కూర్చునే స్టూలును బోర్లా తిప్పి, "ఇదేంటే, ఇక్కడ మరక?" అంది.

అది పాలిషక్క తన చేత్తో మొదట పాలిష్ పట్టిన స్టూలు. మేస్త్రి కూలికి బదులు ఇచ్చేశాడు. ఆ కార్ఖానాలో ఒక అలవాటుంది. ఆఖరి పూత తడి ఆరకముందే, ఎవరికీ కనపడని అడుగుభాగాన, పని చేసినవాళ్ళు బొటనవేలు నొక్కుతారు. రేపు ఆ సామాను బాగుకి వెనక్కొస్తే, ఎవరి చేతి పనో తెలియాలని. నొక్కేసి పక్కకి తోసేస్తారు, మళ్ళీ తిప్పి చూసేది లేదు.

పాలిషక్క స్టూలును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. లక్క కింద, తేనెరంగులో, బొటనవేలు. గీత గీతా విడివిడిగా ఉంది. మధ్యలో సుడి తిరిగి, పక్కకి ఒరిగి, అంచుల దాకా వెళ్ళిన గీతలు. పక్కన చిన్న కోత గుర్తు కూడా ఉంది. ఆ రోజు కత్తి జారిన సంగతి చప్పున గుర్తొచ్చింది. చేతిసంచి తీసి, తన బొటనవేలును దాని పక్కన పెట్టి చూసుకుంది. ఒకటి రెండు గీతలు, అవీ అనుమానంగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో పోగొట్టుకున్నానని కాదు, పోయినప్పుడు చూసుకోనైనా లేదని.

"ఏడవకే, వస్తున్నాయిగా" అంది అత్తగారు, తన కొంగుతో ఆమె మొహం తుడుస్తూ.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఎండ గడియారాన్ని తాకే వేళకి, మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"పాలిషక్కా, కొంప మునిగింది. గ్రంథాలయం వాళ్ళ పెద్దబల్ల రేపు పొద్దున్నే పోవాలి. పైన ఎక్కడో ఎత్తుపల్లం వచ్చింది. దీపం పెడితే నీడ ఊగుతోంది. ఎక్కడో ఎవరికీ అంతు చిక్కట్లేదు. నువ్వు చెయ్యి పెట్టద్దు. వచ్చి కళ్ళతో చూసి చెప్పు, చాలు."

అత్తగారు అడ్డం నిలబడింది. "రేపే దాని వేళ్ళు పడాలి. నీ బల్ల కోసం..."

"చూసి వచ్చేస్తాను అత్తయ్యా. చేతికి ఇవి ఉన్నాయిగా" అంది పాలిషక్క, ఆ దిండుగలీబు చేతులు పైకెత్తి చూపించి.

బల్ల కార్ఖానా మధ్యలో ఉంది. పన్నెండుమంది కూర్చునేంత పొడుగు. ఆమె చుట్టూ తిరిగింది, వంగింది, చెంప ఆనించి చూసింది. అంతా ఒకేలా మెరుస్తోంది. కళ్ళతో చూసే విద్య ఆమెకు రాదు. కుడిచేతి సంచి తీసింది. ఒక్కసారి, ఒక్క వేలితో అనుకుంది. మధ్యవేలు చెక్క మీద పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపించింది.

ఏమీ తెలియలేదు.

మళ్ళీ నడిపించింది. మెత్తటి చర్మం చెక్క మీద జారిపోతోంది తప్ప, చెక్క ఏమీ చెప్పడం లేదు. వీసా వచ్చి, విమానం ఎక్కి, ఆ పొడుగాటి గదిలో ముసలావిడ ఎదురుగా నిలబడి, ఈ వేళ్ళతో ఏం చెబుతుంది? నిపుణురాలని రాశారే, ఎవర్ని చూసి రాశారు? రెండో చేతి సంచి కూడా తీసేసింది. పక్కనున్న ఉప్పుకాగితం ముక్క అందుకుంది. వేళ్ళ కొసల కింద మడిచి పెట్టి, చెక్క నార వెంట మెల్లగా రుద్దింది. ఊదింది, తడిమింది, మళ్ళీ రుద్దింది. మేస్త్రి ఏదో అంటున్నాడు, ఆమెకు వినపడలేదు. చుట్టూ పొడి లేచి, కిటికీ వెలుగులో తీరిగ్గా తిరుగుతోంది. ఇంట్లో గోడ మీది వెలుగే ఇక్కడికి వచ్చిందనుకుంది.

రెండు గంటల తర్వాత, ఆ మెత్తటి చర్మం అరిగాక, వేలి కింద బల్ల పలికింది. ఎడమ చివర, మూరెడు లోపల, వెంట్రుక మందాన పల్లం.

"ఇదిగో మేస్త్రీ, ఇక్కడ" అంది. అని నవ్వింది. అప్పుడు తన వేళ్ళు చూసుకుంది. అరచేయి బొబ్బలెక్కిన ఎరుపు, కొసలు అద్దంలా నున్నగా. దిండుగలీబు సంచులు పొడిలో పడి ఉన్నాయి.

ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు. అత్తగారు ఆ చేతులు చూసి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. తిట్టడం అయ్యాక నూనెగిన్నె తెచ్చుకుని కూర్చుంది. భర్త మాత్రం వెళ్ళి గిన్నెలు తోముతూ కూర్చున్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

పొద్దున బయల్దేరేటప్పుడు పాలిషక్క స్టూలు చంకన పెట్టుకుంది.

"అదెందుకు?" అన్నాడు భర్త.

"నా వేలిముద్ర దీని మీద ఉంది. వాళ్ళకి కావల్సింది అదేగా."

ఆయన ఆమె వంక చూశాడు, స్టూలు వంక చూశాడు. ఇరవయ్యేళ్ళు బస్సు నడిపినవాడు, ఎక్కడ హారన్ కొట్టకూడదో తెలుసు. స్టూలు తను అందుకున్నాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఒప్పుకోలేదు. సామాను తనిఖీ చేసే యంత్రంలో పెట్టి తోశాడు, నాలుగు కాళ్ళూ ఇరుక్కున్నాయి. లాగితే ఒక కాలు గీసుకుపోయింది. "ఇది సంతకాలు పెట్టుకునే చోటమ్మా, కూర్చోడానికి లోపల కుర్చీలున్నాయి" అన్నాడు. "కూర్చోడానికి కాదు బాబూ, చూపించడానికి" అంది ఆమె. వెనక వరసలో వాళ్ళు నవ్వారు. ఆఖరికి స్టూలుతో భర్త బయటే ఉండిపోయాడు. ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది.

అదే అమ్మాయి. అదే గాజుపలక. ఈసారి చిటికెన వేలు కూడా పలకలేదు.

"సారీ అండీ. ఇక వెనక్కి పంపడమే" అంది ఆ అమ్మాయి, ఫైలు మూయబోతూ.

"నా వేలిముద్ర ఉందమ్మా. బయట ఉంది."

"బయట ఉందా?"

"మా ఆయన పట్టుకుని నిలబడ్డారు."

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి సరిగ్గా చూసింది. నవ్వబోయింది, ఎదుటి మొహం చూసి ఆపుకుంది. "ఉండండి" అని లోపలికి వెళ్ళి, నెరిసిన జుట్టు పెద్దాయన్ని వెంటబెట్టుకు వచ్చింది. ఆయన పాలిషక్క చేతులను కాసేపు చూశాడు. "పదండి, ఏంటో చూద్దాం" అని తనే గేటు దాకా నడిచాడు.

భర్త స్టూలును తిప్పి పట్టుకున్నాడు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని వంగాడు.

"ఇది మీదేనా? ఎప్పటిది?"

"పనిలో చేరిన ఏడాదిదండీ."

"అప్పుడు ఇంత స్పష్టంగా ఉన్నాయన్నమాట" అని ఆయన ఆ గుర్తు మీద తన వేలితో మెల్లగా రాశాడు. తర్వాత కౌంటరు అమ్మాయి వైపు తిరిగాడు. "ఈమెది పుండు కాదు, కాలిన గాయం కాదు, రేపు మానిపోవడానికి. పని వల్ల వేళ్ళు అరిగిపోయాయి. అలాంటివాళ్ళకి వేలిముద్రలు అక్కర్లేదని ఫారం వెనక పేజీలో గడి ఉంది కదా! టిక్ పెట్టి నా సంతకం తీసుకుంటే సరిపోయేది. మొదటి రోజే ఎందుకు పెట్టలేదు?"

"ఆ గడి ఇప్పటి దాకా ఎవరికీ వాడలేదు సర్. నేను... వెనక పేజీ చూడలేదు."

పాలిషక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం కాళ్ళ నుంచి గొంతు దాకా వచ్చింది. పది రోజులు. అత్తగారి నూనె, భర్త గిన్నెలు, నిన్నటి భయం, రాత్రంతా పడ్డ సిగ్గు. ఆ అమ్మాయి తల దించుకుని నిలబడింది. చిన్న పిల్లే.

"చూడమ్మా," అంది పాలిషక్క. "మా పనిలో పైన మెరిస్తే సరిపోదు. తిప్పి అడుగు కూడా చూడాలి. నీ పనీ అంతే అనుకో."

"సారీ అండీ" అంది ఆ అమ్మాయి. ఈసారి ఆ మాట వేరేగా వినపడింది.

పెద్దాయన సంతకం పెట్టాడు. రసీదు చేతికి వచ్చింది. రోడ్డు మీదకి వచ్చాక భర్త భగ్గుమన్నాడు.

"ఒక్క టిక్కు! ఒక్క టిక్కు కోసం పది రోజులు మనల్ని కోతుల్ని ఆడించినట్టు ఆడించారు! ఊరుకోకూడదు, పైవాళ్ళకి రాయాలి. పది రోజులు దండగ!"

"రాయండి, రాయాల్సిందే" అంది ఆమె. కాసేపు నడిచాక అడిగింది, "మధ్యాహ్నం రెండింటికి మనింట్లో ఎండ ఎక్కడ పడుతుందో మీకు తెలుసా?"

ఆయన నడక ఆపాడు.

"ఈ రోజు చూపిస్తాను. నడవండి, టైముంది" అంది.

మూడు వారాలకు పాస్‌పోర్టు వచ్చింది, లోపల వీసాతో. కవరు అత్తగారే చింపింది. ఫొటో బాగా రాలేదని వంక పెట్టింది. ఆ కాగితం మీద తడి చుక్క పడితే, తన చెమటేనని బుకాయించింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు పాలిషక్క స్టూలు తీసుకుని కార్ఖానాకు వెళ్ళింది. గేటు దగ్గర గీసుకుపోయిన కాలును రుద్ది, లక్క పూసింది. పనిలో పనిగా అడుగుకి కూడా ఒక పూత వేసింది, ఆ పాత గుర్తును మాత్రం తప్పించి. తడి మెరుస్తుండగా, దాని పక్కనే బొటనవేలు నొక్కి తీసింది. వంగి చూసింది. పాతదాని నిండా గీతలు. కొత్తదాంట్లో ఒక్కటీ లేదు, చింతగింజంత నున్నటి గుంట, అంతే.

"ఇది ఎవరిదని చెబుతారు మేస్త్రీ, ఇన్నాళ్ళూ నేను ఇలాంటివే నొక్కానా?" అంది. నవ్వుతూ అందామనుకుంది గానీ నవ్వు రాలేదు.

మేస్త్రి చేతిలో పని ఆపకుండానే అన్నాడు. "పదేళ్ళుగా అవే నొక్కుతున్నావు. సామాను బాగుకి వెనక్కొస్తే తిప్పి చూస్తాం. గీతలుంటే ఎవరివో పోల్చుకోవడానికి భూతద్దం కావాలి. గీతల్లేకపోతే నీదే. ఇక్కడ అందరికీ తెలుసు. ఆ ఆఫీసులో యంత్రానికే తెలియలేదు."

పాలిషక్క ఇంకో చెక్క అందుకోలేదు. స్టూలును బోర్లా వెలుగులో ఉంచి, పూత ఆరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని దాని పక్కనే కూర్చుంది.